పావురాళ్ళకొండ, దాని కింది ఊళ్ళు

1

తెలుగులో స్థలచరిత్ర అనగానే రెండు రకాల రచనలు గుర్తుకొస్తాయి. ఒకటి స్థలపురాణం. ఏ దేవుడు ఏ రాక్షసుణ్ణి చంపి ఇక్కడ వెలిశాడో అది చెబుతుంది. రెండోది రాజుల జాబితా. ఏ వంశం పోయి ఏ వంశం వచ్చిందో, ఎవరు ఎవరికి ఏ అగ్రహారం ధారపోశారో అది చెబుతుంది. మొదటిదాన్ని భక్తులు చదువుతారు, రెండోదాన్ని విద్యార్థులు పరీక్షల కోసం చదువుతారు. ఆ నేలమీద పుట్టి, ఆ నేలనే దున్ని, ఆ సముద్రంలోనే వేటాడి పోయిన మనుషులు మాత్రం ఈ రెండింటిలోనూ కనబడరు. కనబడినా సంఖ్యలుగా కనబడతారు. ఇంతమంది బోయీలు, ఇన్ని మగ్గాలు, ఇంత శిస్తు.

ఇలా జరగడానికి కారణం ఆధారాలు లేకపోవడమేనని మన చరిత్రకారులు కొందరు అంటారు. శాసనం వేయించగలిగినవాడి మాటే శాసనంలో ఉంటుంది, రాయి కొనలేనివాడి మాట రాతిమీదికి ఎక్కదు, కాబట్టి మనమేం చెయ్యగలమన్నది వారి వాదం. ఈ వాదంలో సగం నిజముంది. మిగతా సగం సోమరితనం. రాయి కొనలేనివాడు తన చరిత్రను మరోచోట రాసుకున్నాడు. ఊళ్ళకూ, కొండలకూ, రేవులకూ తాను పెట్టుకున్న పేర్లలో రాసుకున్నాడు. ఆ పేర్లను రాజు పెట్టలేదు, పండితుడు పెట్టలేదు. అందుకే వాటిని చదవడం మనకు అలవాటు కాలేదు.

ఈ మాట ఊరికే సిద్ధాంతంగా చెబితే చాలదు కనుక ఒక చిన్న కొండను తీసుకుంటాను. విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమునిపట్నం ఉంది. జనం నోట్లో అది భీమిలి. ఆ ఊరికి పడమటి పక్కన ఉన్న చిన్న గుట్ట పావురాళ్ళకొండ. తూర్పుకనుమల ముందు దీన్ని కొండ అనడానికి కూడా ఆలోచించాలి. అయినా పైకెక్కి నిలబడితే ఒకవైపు సముద్రం, ఒకవైపు ఏటి మొగ, కింద పాత రేవుపట్నం, దాని చుట్టూ పాలేలూ పేటలూ వలసలూ కనబడతాయి. రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఒక్క చూపులో ఇమిడే చోట్లు మన తీరంలో ఎక్కువ లేవు.

2

కొండమీద బౌద్ధుల నివాసపు ఆనవాళ్ళున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తుశకం రెండో శతాబ్దం దాకా ఇక్కడ మనుషులు నివసించారని పురావస్తు శాఖ నిర్ణయించింది. వాననీటిని పట్టి ఉంచడానికి రాతిలో తొలిచిన తొట్లు 16 ఉన్నాయి. ఇదే తీరంలో విశాఖ వైపు వస్తే మరి రెండు కొండలు తగులుతాయి. మంగమారిపేట అనే బెస్తల ఊరికి ఎగువన తొట్లకొండ. ఇంకా ఇవతల బావికొండ. బావికొండను 1982 నుంచి 1987 దాకా తవ్వారు. తొట్లకొండ సంగతి అంతకుముందు నౌకాదళం వారు తమ స్థావరం కోసం విమానం మీంచి సర్వే చేస్తూండగా బయటపడింది. అక్కడ తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. స్తూపాలు, విహారాలు, భోజనశాల, శాతవాహనుల నాణేలు, రోము దేశపు వెండి నాణేలు దొరికాయి.

ఈ మూడు కొండల పేర్లు వరసగా పెట్టి చూడమని సాహిత్య విద్యార్థులను కోరుతున్నాను. తొట్లకొండ. బావికొండ. పావురాళ్ళకొండ. వీటిలో బుద్ధుడు లేడు, సంఘం లేదు, స్తూపం లేదు. భిక్షువులు వెళ్ళిపోయాక కొండ కింది జనం బుద్ధుణ్ణి మరిచిపోయారు. ఆ శిథిలాలు ఏ మతం వాళ్ళవో కూడా వారికి తెలియకుండా పోయింది. కాని రాతిలో తొలిచిన తొట్టిని మరిచిపోలేదు, బావిని మరిచిపోలేదు. పశువులు కాచేవాడు మిట్టమధ్యాహ్నం కొండెక్కితే అతనికి కావలసింది నీళ్ళు. ఆ నీళ్ళున్న చోటును బట్టి కొండకు పేరు పెట్టాడు. మూడో కొండమీద పాడుబడ్డ గోడల్లో పావురాలు గూళ్ళు కట్టుకున్నాయి. ఆ కొండకు అదే పేరయింది. ఇది అజ్ఞానమని చదువుకున్నవాళ్ళు నవ్వవచ్చు. నేను నవ్వలేను. మహాసంఘాలు వదిలిపోయిన ఆస్తిలో జనానికి పనికివచ్చినదేదో, అక్కడ నిజంగా బతికినవేవో ఈ పేర్లు లెక్కగట్టి చెబుతున్నాయి.

తొట్టి దగ్గర మరి కాస్త ఆగాలి. బౌద్ధం మీద మన అభ్యుదయ రచయితలకు సహజమైన గౌరవముంది. యజ్ఞాన్నీ, వర్ణాన్నీ ప్రశ్నించిన ధర్మం కనుక ఆ గౌరవం ఉండవలసిందే. కాని ఆ గౌరవం మన కళ్ళకు గంతలు కట్టకూడదు. వందలాది భిక్షువులు వానాకాలం నాలుగు నెలలూ కొండమీద ధ్యానం చేసుకోవాలంటే కింద ఎవరో వరి నాటాలి, ఎవరో ఆ ధాన్యం మోసుకురావాలి, ఎవరో ఇటుక కాల్చాలి, ఎవరో ఉలి పట్టుకుని రాయి తొలవాలి. భిక్షువులు నడిచిన దారీ, వర్తకుల బిడారులు నడిచిన దారీ ఒకటేనని దామోదర ధర్మానంద కోశాంబి పశ్చిమ కనుమల గుహల విషయంలో చూపించాడు. మన తీరంలో ఆ దారి సముద్రానికి చేరింది. ఇక్కడి కొండలన్నీ ఏదో ఒక రేవును చూస్తూ ఉండటం యాదృచ్ఛికం కాదు. కళింగ తీరపు ఓడలు సింహళానికీ, సువర్ణభూమికీ వెళ్ళిన కాలంలో వర్తకుడికి సంఘం ఆసరా, సంఘానికి వర్తకుడు ఆసరా.

దాతలందరూ వర్తకులేనా అంటే కాదు. అమరావతి శాసనాల్లో విధికుడనే చర్మకారుడి దానం కూడా ఉంది. గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. తర్వాతి వెయ్యేళ్ళ శాసనాల్లో చర్మకారుడు దాతగా పేరు చెప్పుకునే అవకాశం ఎంత అరుదయిపోయిందో తెలిసినవాళ్ళకు ఈ ఒక్క పేరు విలువ తెలుస్తుంది. బౌద్ధం గొప్పతనాన్ని మనం వెతకవలసింది ఇక్కడ. అయితే దానమిచ్చిన చర్మకారుడికి శాసనముంది, తొట్టి తొలిచిన కూలికి లేదు. అతని శాసనం ఆ తొట్టే. కొండ కింద మనిషి పెట్టిన పేరు ఆ శాసనానికి వ్యాఖ్యానం.

3

బౌద్ధం అంతరించాక కొండను నరసింహస్వామి ఆక్రమించాడు. ఈనాటికీ దీనికి నరసింహస్వామి కొండ అనే పేరు కూడా ఉంది. సింహాచలం దగ్గర్లోనే ఉండగా ఈ తీరమంతా నరసింహుడు విస్తరించడంలో వింత లేదు. కొండమీది దేవుడు మారాడు, కొండ కింది శ్రమ మారలేదు. ఆ వివరంలోకి ఇక్కడ ఎక్కువగా పోను. ఊరి పేరు వెనక ఉన్న కథ మాత్రం విడిచిపెట్టదగింది కాదు.

భీముడు బకాసురుణ్ణి ఇక్కడే చంపాడనీ, అందుకే ఇది భీమునిపట్నమయిందనీ స్థానికుల నమ్మకం. మహాభారతంలో ఆ కథ జరిగింది ఏకచక్రపురంలో. దేశంలో ఏకచక్రపురం మాదేనని చెప్పుకునే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. భీముడు ఇక్కడికి వచ్చాడా రాలేదా అన్న చర్చ మనకు అనవసరం. ఇన్ని కథలుండగా ఈ తీరపు జనం ఈ కథనే ఎందుకు తమదిగా ఎన్నుకున్నారన్నది అసలు ప్రశ్న. బండెడన్నం, రెండు దున్నలు, ఒక మనిషి. ఇంటింటికీ వంతు. ఊరిని ఏలవలసిన రాజు చేతకాక ఊరుకుంటే, ఊరు తన కడుపు కట్టుకుని ఒక రాక్షసుడి కడుపు నింపుతూ ఉంటుంది. శిస్తు, వెట్టి, పేష్కషు తెలిసిన జనానికి ఈ కథ విడమరిచి చెప్పనక్కరలేదు. వాళ్ళు దాన్ని పురాణంగా వినలేదు, తమ ఊరి సంగతిగా విన్నారు.

స్థలపురాణాన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడం తేలిక. అందులో జనం తమ అనుభవాన్ని ఎక్కడ దాచుకున్నారో పట్టుకోవడమే విమర్శకుడి పని అని నా అభిప్రాయం.

4

బకాసురుడి బండి ఆ తర్వాత కూడా ఆగలేదు. పదిహేడో శతాబ్దంలో అది సముద్రం మీంచి వచ్చింది.

హాలండు వర్తకులు 1602లో కంపెనీ పెట్టుకున్నారు. కొద్ది సంవత్సరాల్లోనే మచిలీపట్నంలోనూ, 1610 నాటికి పులికాటులోనూ స్థిరపడ్డారు. ఆ శతాబ్దం మధ్యకాలానికి గోలకొండ సుల్తానుల అనుమతితో భీమునిపట్నంలో గిడ్డంగి వేశారు. వాళ్ళకు కావలసింది గుడ్డ. తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ పండించేవాళ్ళు బంగారం కంటె మన తీరపు నూలుగుడ్డను ఎక్కువ ఇష్టపడ్డారు. మన గుడ్డ పెట్టి అక్కడ సుగంధద్రవ్యాలు కొని, వాటిని యూరపులో అనేక రెట్లకు అమ్ముకోవడం వాళ్ళ వ్యాపారం. ఈ చక్రం తిరగడానికి ఇరుసు ఉత్తరాంధ్ర పల్లెల్లోని మగ్గం.

నేతగాడికి ముందుగా కొంత సొమ్ము ఇస్తారు. ఆ సొమ్ము ఇచ్చేది డచ్చివాడు కాదు, మధ్యనున్న మన షావుకారు. గుడ్డ తయారయ్యాక కొలతకు తక్కువనీ, నేతకు పలచననీ ధర కోస్తారు. కోసిన మేరకు నేతగాడు బాకీ పడతాడు. బాకీ తీరేదాకా మరొకరికి నెయ్యకూడదు. ఈ పద్ధతిని ఇంగ్లీషు కంపెనీ తర్వాత ఇంకా బిగించింది. కాబట్టి డచ్చివాళ్ళు కేవలం వర్తకులు, ఇంగ్లీషువాళ్ళు మాత్రమే దోపిడీదారులు అనే మాట నిలవదు. వాళ్ళ మధ్య తేడా బలంలో ఉంది, స్వభావంలో లేదు.

గుడ్డతో సరిపోలేదు. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరంలో కరువు వచ్చినప్పుడల్లా డచ్చి ఓడలు మనుషులను కొన్నాయి. తిండి లేక తమను తాము అమ్ముకున్నవాళ్ళు, పిల్లలను అమ్ముకున్నవాళ్ళు బానిసలుగా బటేవియాకూ, సింహళానికీ, దీవుల్లోని తోటలకూ వేలసంఖ్యలో చేరారు. 1659-61 కరువు కాలం ఇందుకు పేరుమోసింది. ఈ వ్యాపారంలో ఎక్కువ భాగం దక్షిణపు రేవుల్లో జరిగింది. కాని లెక్క రాసుకున్న కంపెనీ ఒకటే.

భీమిలిలో డచ్చి సమాధులు ఇప్పటికీ చూడవచ్చు. పిరమిడు ఆకారంలో కట్టిన సున్నపు గోపురాలు, వాటికి పలకలు, పలకలమీద పేర్లు. యాత్రికులకు చూపించే ముఖ్యమైన వింతల్లో అవి ఒకటి. ఇక్కడ చనిపోయిన డచ్చి ఉద్యోగి పేరు మనం ఈనాడు కూడా చదవగలం. అతని గిడ్డంగికి గుడ్డ నేసినవాడి పేరు ఎక్కడ చదువుతాం? మూటలను పడవకెత్తి, అలల మీదుగా దూరాన లంగరు వేసిన ఓడకు చేర్చినవాడి పేరు ఎక్కడ చదువుతాం? మేకులు లేకుండా కొబ్బరితాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవ మన తీరపు పనితనం. మేకు కొట్టిన పడవ పగిలిపోయేచోట కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. కట్టుడు రేవు లేని ఈ తీరంలో ఆ పడవ లేకుంటే ఏ కంపెనీ ఓడా ఒక్క మూట ఎత్తలేదు. ఆ కుట్టుపనికి సమాధి లేదు, పలక లేదు.

రాజకీయ ఘట్టాలను క్లుప్తంగా ముగిస్తాను. 1754లో శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఫ్రెంచివారి మీద కోపంతో మరాఠాలను పిలిచాడు. వాళ్ళు తీరాన్ని దోచుకుంటూ డచ్చి గిడ్డంగిని కూడా కొల్లగొట్టారు. ఉత్తర సర్కారులు 1765-66లో ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. యూరపులో హాలండుకూ ఇంగ్లండుకూ యుద్ధం వచ్చినప్పుడల్లా భీమిలి చేతులు మారింది. 1824 ఒప్పందం ప్రకారం 1825లో పూర్తిగా ఇంగ్లీషువారిదయింది. రెండు దేశాల ప్రభుత్వాల ప్రతినిధులు లండనులో కూర్చుని ఒక ఊరిని ఒకరి ఖాతాలోంచి మరొకరి ఖాతాలోకి మార్చుకున్నారు. ఊరిని ఎవరూ అడగలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే మరో గుట్ట ఉంది, పద్మనాభం. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనల ఎదుట అక్కడ చనిపోయాడు. పేష్కషు బాకీ ఆ యుద్ధానికి కారణం. దాన్ని వీరగాథగా మనవాళ్ళు చెప్పుకుంటారు. రాజు ధైర్యాన్ని శంకించను. కాని ఆ బాకీ ఏమిటో చూడాలి. కంపెనీ రాజును అడిగినదాన్ని రాజు రైతును అడగాలి. యుద్ధం తర్వాత రాజు కొడుక్కి తగ్గించిన జమీందారీ దక్కింది. 1802లో శాశ్వత పైసలా వచ్చింది. జమీందారు కట్టవలసింది శాశ్వతంగా నిర్ణయమయింది. రైతు కట్టవలసింది మాత్రం నిర్ణయం కాలేదు. పద్మనాభంలో ఓడిపోయింది రాజు ఒక్కడే అనుకోవడం పొరపాటు.

5

ఇప్పుడు కొండ దిగి ఊళ్ళ పేర్లలోకి వద్దాం.

తీరం వెంట ఉన్నవి ఎక్కువగా పాలేలు, పేటలు. పాళెం అంటే ఒకప్పుడు దండు విడిసిన చోటు. తర్వాత చిన్న ఊరికి పేరయింది. పేట సంతకూ వ్యాపారానికీ సంబంధించిన మాట. వీటిలో బతికేవాళ్ళు వాడబలిజలు, జాలరులు. ఈ ఊళ్ళ మధ్య రెండు పేర్లు నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తాయి. చేపలుప్పాడ, కాపులుప్పాడ. ఉప్పాడ అన్న పేరులో ఉప్పు ఉంది. ఒకే పేరును రెండుగా చీల్చి ఒకదానికి చేపను, మరొకదానికి కాపును తగిలించారు. సముద్రం మీద బతికేవాళ్ళు ఇటు, నేలమీద బతికేవాళ్ళు అటు. వృత్తి విభజన, దానితోపాటు కులవిభజన ఎలా భూమిమీద గీత గీసుకుందో చెప్పడానికి సమాజశాస్త్రజ్ఞుడికి ఒక అధ్యాయం కావాలి. జనం రెండు మాటల్లో చెప్పారు.

తీరం నుంచి కాస్త లోపలికి జరిగితే పేర్లు మారిపోతాయి. చిట్టివలస, తగరపువలస, సంగివలస, మజ్జివలస, నేరెళ్ళవలస. ఉత్తరాంధ్ర అంతటా ఈ వలసలు కనబడతాయి. రైలు జంక్షనుగా అందరికీ తెలిసిన కొత్తవలస కూడా వీటిలోదే. తల్లి ఊరిని విడిచి కొందరు కొత్త చోట గుడిసెలు వేసుకుంటే అది వలస. ఎందుకు విడిచారో పేరులో ఉండదు. కరువు కావచ్చు, శిస్తు కావచ్చు, దండు భయం కావచ్చు, కొత్తగా అడవి నరికి సాగుచెయ్యడం కావచ్చు. కాని విడిచారన్న సంగతిని మాత్రం ఊరు తన నెత్తిమీదే రాసుకుంది. వేరే ప్రాంతాల్లో ఊళ్ళు రాజు పేరుతో పురాలు అవుతాయి, దానం పొందినవాడి పేరుతో అగ్రహారాలు అవుతాయి. ఇక్కడ కదిలివచ్చిన మనిషి కదలికే ఊరి పేరయింది.

పేర్లను చదివేటప్పుడు జాగ్రత్త కావాలని కూడా చెప్పాలి. తగరపువలస అనగానే తగరం లోహం కదా, ఇక్కడ తగరపు వర్తకం జరిగిందని పరుగెత్తకూడదు. పక్కనున్న మజ్జివలసలో మజ్జి ఒక ఇంటిపేరు. తగరపు కూడా ఇంటిపేరుగా ఉన్నదే. ఊరి పేరును పక్క ఊరి పేరుతో, నేల స్వభావంతో, దొరికిన రికార్డుతో కలిపి చూడాలి. మెకంజీ కోసం కావలి సోదరులూ తదితరులూ పోగుచేసిన కైఫీయతులు ఇందుకు పనికొస్తాయి. కాని వాటిని చెప్పినవాళ్ళు ఎక్కువగా కరణాలు, అర్చకులు అన్న సంగతి మరువకూడదు. ఊరి చివర గుడిసెలో ఉన్నవాణ్ణి కైఫీయతు అడగలేదు.

వలసగా పుట్టిన ఈ ఊళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ వలసకు పంపడం మొదలుపెట్టాయి. ఈసారి సముద్రం అవతలికి. 1830ల తర్వాత మారిషసు తోటలకు, ఆ తర్వాత చాలా పెద్ద సంఖ్యలో బర్మాకు. భీమునిపట్నం, విశాఖ, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుంచి స్టీమర్లు రంగూనుకు మనుషులను తీసుకుపోయేవి. రంగూనును మనవాళ్ళు రంగం అన్నారు. అక్కడ రేవులో మూటలు మోసినవాళ్ళు, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, ఊరు ఊడ్చినవాళ్ళు తెలుగువాళ్ళు. బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలన్నారు. గోదావరి మొగలోని కోరంగి రేవు పేరు అక్కడ ఒక జాతి పేరయింది, పోనుపోను తిట్టయింది. 1930 మే నెలలో రంగూను రేవులో పని కోసం బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య నెత్తురు కారింది. ఇద్దరినీ తక్కువ కూలికి పోటీపెట్టిన ఓడల కంపెనీలు ఒడ్డున క్షేమంగా ఉన్నాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, 1942లో లక్షలాది మంది అడవుల గుండా నడిచి వచ్చారు. చాలామంది దారిలోనే పోయారు.

ఈ ఊళ్ళలో ముసలివాళ్ళను కదిలిస్తే ఇప్పటికీ ఆ మాట వస్తుంది. గోస్తనీ ఒడ్డున ఒక అవ్వ నాతో అన్నది: "మా తాత రంగమెల్లినాడు బాబూ. మరి రానేదు." అంతే. తాత పేరు నేను అడిగితే ఆమెకు గుర్తు లేదు. మనిషి పేరు పోయింది, వెళ్ళిన చోటు పేరు మిగిలింది. ఇంతకంటె చిన్న కైఫీయతు నేను వినలేదు.

రేవు పేరు మనిషికి తగిలినట్టే పంటకూ తగిలింది. మనం గోగు అంటాం. గోగునార తీస్తాం. ఆ నార భీమిలి రేవు నుంచి ఎగుమతి కావడంతో ప్రపంచపు బజారులో దాని పేరు బిమ్లీ జూట్ అయింది. పండించింది చీపురుపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వైపు రైతులు. నీళ్ళలో నానబెట్టి, ఆ కంపులో మోకాలిలోతు నిలబడి నార ఒలిచింది వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు. బజారులో మిగిలింది ఓడ ఎక్కిన చోటు పేరు. సరుకుకు మనిషి గుర్తు పోయి బజారు గుర్తు పడటమంటే ఏమిటో అర్థశాస్త్రం పుస్తకం లేకుండానే ఈ ఒక్క పేరుతో విద్యార్థులకు బోధించవచ్చు.

భీమిలికి 1861లోనే పురపాలక వ్యవస్థ వచ్చింది. దీపస్తంభం వచ్చింది, గంటస్తంభం వచ్చింది. దేశంలోకెల్లా పాత మునిసిపాలిటీల్లో మాదొకటని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ వైభవం రేవు మీద ఆధారపడింది. 1893లో తూర్పుతీరపు రైలుమార్గం విజయనగరం మీదుగా పోయింది, భీమిలిని తాకలేదు. 1933లో విశాఖలో ఓడలు లోపలికి వచ్చే హార్బరు తెరిచారు. ఇక దూరంగా లంగరు వేసి పడవల్లో సరుకెత్తే రేవుతో ఎవరికీ పని లేకపోయింది. చిట్టివలస జనపనార మిల్లు మాత్రం చాలాకాలం ఈ ఊళ్ళకు కూడు పెట్టింది. 2009లో అదీ మూతబడింది. కూలీగా మారిన రైతుబిడ్డలు ఈసారి హైదరాబాదుకూ, చెన్నైకీ, గుజరాతు తీరానికీ వెళ్ళారు. వలసవాళ్ళ ఊళ్ళు మరోసారి తమ పేరును సార్థకం చేసుకున్నాయి.

6

ఇదంతా పాత కథ అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఈనాటి ప్రమాదం పాతదానికంటె చిన్నది కాదు. ఇంతకుముందు పాలకులు కొండలను తీసుకున్నారు కాని వాటి పేర్లు తీసుకోలేదు. ఇప్పుడు పేర్లు కూడా పోతున్నాయి.

మధురవాడ, ఋషికొండ దగ్గర సాఫ్టువేరు కంపెనీల కోసం చదును చేసిన కొండలకు ఒకటో నంబరు కొండ, రెండో నంబరు కొండ, మూడో నంబరు కొండ అని పేరు. కొండకు నంబరు వెయ్యడం ఖైదీకి నంబరు వెయ్యడం లాంటిదే. పాత పేరులో ఉన్న మనిషి పోతాడు. కాపులుప్పాడలో కాపులు దున్నిన నేల పక్కన విశాఖ నగరపు చెత్త గుట్టలుగా పోశారు. భీమిలి మునిసిపాలిటీ మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. తీరంవెంట వేసిన వెడల్పాటి రోడ్డుమీద విహారగృహాలు లేచాయి. బెస్తవాళ్ళ ఊళ్ళు ఆ రోడ్డుకూ సముద్రానికీ మధ్య ఇరుకున పడ్డాయి.

భీమిలికి కొంచెం ఇవతల ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళ పాటు సముద్రమట్టం ఎక్కుతూ దిగుతూ ఉండగా గాలీ నీరూ కలిసి పేర్చిన ఎర్రటి ఇసుకదిబ్బలివి. దక్షిణాసియాలో ఇలాంటివి చాలా అరుదు. భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు వీటిని కాపాడాలని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోకి కూడా ఇవి ఎక్కాయి. వాటి అంచుల్లో యంత్రాలతో మట్టి తవ్వడం, దానిమీద ఆందోళనలు జరగడం కూడా ఈ కాలపు సంగతే. తొట్లకొండ మీద ఇటీవల పునర్నిర్మించిన మహాస్తూపంలో కొంత భాగం 2019 అక్టోబరు వానలకు కూలిపోయింది. పక్కనే, అనామక కూలి తొలిచిన తొట్లు రెండువేల వర్షాకాలాలు చూసి అలాగే ఉన్నాయి. దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

అభివృద్ధి వద్దా అని నన్ను అడగవచ్చు. రోడ్డు వద్దని, పని వద్దని నేననను. చిట్టివలస మిల్లు తలుపులు తెరుచుకోవాలని కోరినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాని ఎవరి భూమిమీద, ఎవరికోసం, ఎవరిని అడిగి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పని అభివృద్ధి 1824 ఒప్పందం కంటె భిన్నమైనది కాదు. ఊరి పేరు చెరిపేస్తే ఆ ప్రశ్నలు అడిగే హక్కు కూడా చెరిగిపోతుంది. మూడో నంబరు కొండకు కింద ఊళ్ళుండవు. తొట్లకొండకు ఉంటాయి.

7

ఇందులో రచయితల పని ఏమిటి?

సురవరం ప్రతాపరెడ్డి కావ్యాలను జల్లెడపట్టి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశాడు. రాజుల యుద్ధాలను పక్కకునెట్టి జనం తిన్నదీ, కట్టుకున్నదీ, ఆడుకున్నదీ చరిత్రేనని 1949లోనే రుజువు చేశాడు. కావ్యం చెప్పినమేరకే ఆ పద్ధతి వెళ్ళగలదు. ఉత్తర తీరపు బెస్తవాడు మన కావ్యాల్లో లేడు. మన కవులకు సముద్రం ఎక్కువగా ఉపమానం, లేదా మథనకథ. అందులో దిగి బతికేవాడు కనబడడు. ఉత్తరాంధ్ర కథకులు ఈ లోటును నేలమేరకు చాలావరకు తీర్చారు. చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు ఈ ప్రాంతపు పేదవాడి బాకీని, అతని భాషను తెలుగు కథకు మధ్యలోకి తెచ్చారు. 1964లో వచ్చిన 'యజ్ఞం' చదివాక బాకీ అనే మాటను పాత అర్థంలో ఎవరూ వాడలేరు. సముద్రంమేరకు ఆ పని ఇంకా ఎక్కువగా మిగిలే ఉంది.

కనుక నా సూచన చిన్నది. ప్రతి సాహిత్య విద్యార్థీ తన ఊరి చుట్టూ ఐదు మైళ్ళలో ఉన్న పేర్లు పోగుచెయ్యాలి. ఊళ్ళ పేర్లే కాదు, చెరువులు, మళ్ళు, వాగులు, దిబ్బలు, వేటకు పోయేవాళ్ళు సముద్రంలో గుర్తు పెట్టుకునే చోట్లు, అన్నీ. ఆ పేరు పలికే తీరులోనే రాసుకోవాలి. పలికేవాళ్ళలో ఊరి పెద్దను ఆఖరున అడగాలి. పశువులు కాచేవాణ్ణి, నీళ్ళు మోసే ఆడదాన్ని ముందు అడగాలి. తర్వాత గ్రంథాలయానికి పోయి గెజిటీరుతో, కైఫీయతుతో, పురావస్తు నివేదికతో సరిచూడాలి. ఎక్కడ రెండూ కలుస్తాయో, ఎక్కడ కొట్టుకుంటాయో రాయాలి. కొట్టుకున్నచోటే చరిత్ర ఉంటుంది.

ఈ పనికి తొందర ఉంది. రాతిశాసనం పోతే నకలు ఎక్కడో ఒకచోట ఉంటుంది. పేరు మనిషి నాలుకమీద ఉంటుంది, ఆ నాలుకతోపాటే పోతుంది. రంగం వెళ్ళిన తాత పేరు పోయింది. తొట్టి తొలిచినవాడి పేరు ఎప్పుడో పోయింది. వాళ్ళు తమ శ్రమకు గుర్తుగా వదిలిన తొట్లకొండ, బావికొండ, చేపలుప్పాడ, చిట్టివలస అనే మాటలు ఇంకా పోలేదు. వాటిని రాసిపెట్టడానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, తవ్వకాలకు నిధులు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, అడిగే ఓపిక, వినే వినయం ఉంటే చాలు. ఆ మాత్రం పని కూడా మనం చెయ్యకపోతే రేపు చరిత్రకారుడు ఆధారాలు లేవన్నప్పుడు అతన్ని తప్పుపట్టే అర్హత మనకుండదు.